ఆక్టావియా ఆర్‌ఎస్: 90 దాటితే స్టీరింగ్ వణుకు, బ్యాలెన్సింగ్ మిషన్ మీద మాత్రం జీరో. ఇంకేం చూడాలె?

చిట్యాల_టర్బో

అన్నలూ, జర ఈ సంగతి చూడండి. బండి స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230. కంపెనీ 17 అంగుళాల చక్రాలు తీసి బయటి అల్లాయ్స్ 18×8, ఆఫ్‌సెట్ 45 వేయించిన. టైర్లు 225/40 ఆర్18, కొత్తవి, నాలుగింటి మీదా ఒకే వారం తేదీ ఉంది. చక్రాలు మాత్రం సెకండ్‌హ్యాండ్ సెట్టు.

85 దాకా బండి నున్నగా పోతది. 90 దగ్గర స్టీరింగ్ సన్నగా వణకడం మొదలయితది, 98–100 మధ్య బాగా తెలుస్తది. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దాటినంక కొర్లపహాడ్ టోల్ దాకా సాఫీ రోడ్డు మీద కూడా ఇట్లనే ఉంది, కాబట్టి రోడ్డు తప్పు కాదు. బ్రేకు తొక్కితే పెరగదు, యాక్సిలరేటర్ వదిలినా తగ్గదు. సీటు కింద ఏమీ లేదు, చేతులకే వస్తుంది.

రెండు వేర్వేరు షాపుల్ల బ్యాలెన్సింగ్, ఒకసారి అలైన్‌మెంట్ అయినయి. రెండు చోట్లా మిషన్ స్క్రీన్ మీద బరువు తేడా లోపల 0, బయట 0. ముందు ఎడమ చక్రానికి లోపలి వైపు 85 గ్రాముల వెయిట్లు పట్టినయి, మిగతా మూడింటికి 20 నుంచి 35 గ్రాములు. టై రాడ్ ఎండ్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు, బాల్ జాయింట్లు చూసిండ్రు, లూజు లేదు. ఇప్పుడు టైర్లు మార్చమంటున్నరు. అంత ఖర్చు పెట్టే ముందు ఏం చూడాలె?

పాలమూరు_టార్క్

టైర్ల మీద ఇప్పుడే పైసలు పెట్టకు తమ్మీ. ఆ 85 గ్రాముల సంగతి మళ్ళీ చెప్త, ముందు వేరేది చూడాలె.

వణుకు ఇంజన్ చుట్లను బట్టి కాకుండా బండి వేగాన్ని బట్టి వస్తుందా అన్నది మొదట తేల్చుకో. 95 మీద ఒకసారి ఆరో గేరుల, ఒకసారి నాలుగో గేరుల పట్టి చూడు. రెండింట్ల ఒకే తీరు వణుకు ఉంటే చక్రాల దిక్కు పోవాలె. గేరు మారితే వణుకు మారిందంటే ఇంజన్ మౌంట్లు చూడాలె. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి వదిలితే పోయేది లోపలి డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. బ్రేకు మీదనే వచ్చేది డిస్క్. నీది ఈ మూడూ కాదు. చేతులకే వస్తుంది కాబట్టి ముందు చక్రాలు.

90–100 దగ్గరనే ఎందుకంటే, ఈ సైజు టైరు ఒక చుట్టుకు 2 మీటర్ల దాకా పోతది. 100 వేగంల బండి సెకనుకు 27.8 మీటర్లు పోతది గనక చక్రం సెకనుకు 14 చుట్లు. చక్రం, హబ్ (చక్రం బిగించే నడిమి భాగం), ఆర్ములు కలిసి స్ప్రింగుకూ టైరుకూ మధ్యన సహజంగా ఊగేది కూడా సెకనుకు 10–15 సార్లే. రెండు తాళాలు కలిసిన కాడ చిన్న తప్పు పెద్దగా కనపడతది. వేగం ఇంకా పెరిగితే వణుకు తగ్గినట్టు అనిపించేది అందుకే. తప్పు అక్కడనే ఉంటది, తాళం తప్పుతది. ఇది చూడనీకి 100 దాటాల్సిన పని కూడా లేదు.

రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉంటే 100 వేగంల అది చక్రాన్ని మూడు కిలోలకు పైన బలంతో గుంజుతది. 50 వేగంల అందుల నాలుగో వంతే. ఊర్ల తిరిగినప్పుడు తెల్వకపోవుడు దానివల్లనే.

ఇప్పుడు నా మొదటి అనుమానం. ఆక్టావియా హబ్ నడిమి బొడిపె 57.1 మిల్లీమీటర్లు. బయటి అల్లాయ్స్ చాలా బండ్లకు సరిపోవాలని నడిమి రంధ్రం 66.6 లేదా 73.1 పెట్టి చేస్తరు. మధ్యల ఆ సందు నింపే హబ్ రింగ్ లేకపోతే చక్రం బొడిపె మీద కూసోదు, బోల్టుల మీదనే వేలాడతది. బోల్టులు బిగించే తీరును బట్టి ఒక పక్కకు జరుగుతది. ఈ చక్రం, టైరు కలిపి 20 కిలోల పైనే ఉంటది. అంత బరువు 0.3 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందంటే రిమ్ము అంచున 27 గ్రాముల వెయిట్ అతికించినట్టే లెక్క. మిషన్ షాఫ్ట్ మీద ఉండే కోన్ ఆ రంధ్రాన్ని నడిమికి పట్టుకుంటది కాబట్టి అక్కడ జీరో వస్తది. బండికి ఎక్కించినంక ఆ నడిమి ఉండదు. రెండు షాపుల్ల జీరో వచ్చినా వణుకు పోకపోవడానికి ఇదే సరిపోయే కారణం.

చక్రం ఇప్పి రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలిచి ఇక్కడ రాయి.

అలైన్‌మెంట్ గురించి కూడా ఒక మాట. దానివల్ల బండి ఒక పక్కకు గుంజుతది, టైరు ఒక అంచున అరుగుతది. నున్నటి టైరుతోని 95 దగ్గర స్టీరింగ్ వణికించుడు దాని పని కాదు. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పుండి వేల కిలోమీటర్లు తిరిగితే టైరు రంపం పండ్ల లెక్క అరిగి శబ్దం, అదురు వస్తయి. కొత్త టైర్లకు ఆ ముచ్చటే లేదు.

నకిరేకల్_గేజ్

పై మాటకు పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే స్క్రీన్ మీద జీరో అంటే ఎంత జీరో అన్నది కూడా చూడాలి. చాలా మిషన్లు 5 గ్రాముల లోపు తేడాను 0 అనే చూపిస్తాయి. ఫైన్ బటన్ నొక్కితే అసలు అంకె బయటపడుతుంది. 40 సిరీస్ టైరు, గట్టి సస్పెన్షన్ ఉన్న బండికి ఆ 5 గ్రాములు కూడా కొన్నిసార్లు చేతికి తగులుతాయి.

షాపులో దగ్గర నిలబడి చూడాల్సిన పనులు ఉన్నాయి. మొహమాటపడొద్దు, ఇవి ప్రతి మంచి షాపులో చేసేవే. పాత వెయిట్లన్నీ పీకేసి, రిమ్ము లోపలి గోడ మట్టి, జిగురు లేకుండా కడిగించండి. టైరు గాడుల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయించండి. కోన్ చక్రం వెనక వైపు నుంచి, అంటే హబ్‌కు ఆనే వైపు నుంచి రావాలి. ముందు వైపు నుంచి పెడితే సెంటర్ క్యాప్ గాడిలో కూర్చుంటుంది, ఆ గాడి కచ్చితంగా నడిమిలో ఉంటుందన్న నమ్మకం లేదు. రిమ్ము దూరం, వెడల్పు, వ్యాసం మూడూ కొలిచి కొట్టాలి. వెడల్పును కొలత కాలిపర్‌తో కొలవకుండా అంచనాగా 7 కొడితే మీ 8 అంగుళాల చక్రానికి వచ్చే అంకెలన్నీ తప్పే.

తర్వాత మోడ్. అల్లాయ్ అందం పోతుందని బయటి వైపు వెయిట్ పెట్టకుండా, లోపల ఒకే వరుసలో అతికించి స్టాటిక్ మోడ్‌లో ముగిస్తారు. దాంతో చక్రం పైకీ కిందకూ ఎగరడం ఆగుతుంది, కానీ పక్కలకు ఊగడం ఆగదు. స్టీరింగ్‌ను వణికించేది ఎక్కువగా ఆ పక్క ఊపే. రెండు వరుసల మోడ్ పెట్టమనండి. ఒక వరుస లోపలి అంచుకు దగ్గర, రెండోది స్పోకుల వెనక దాక్కుని ఉంటుంది. ముందు నుంచి చూస్తే కనబడదు. బ్రేక్ కాలిపర్‌కు తగలకుండా మాత్రం చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షకు రెండు నిమిషాలు చాలు. జీరో వచ్చాక వింగ్ నట్ వదులు చేసి, చక్రాన్ని షాఫ్ట్ మీద సగం చుట్టు తిప్పి, మళ్ళీ బిగించి తిప్పించండి. అప్పుడు కూడా 5 గ్రాముల లోపే ఉంటే పని సరిగ్గా జరిగింది. 15, 20 గ్రాములు చూపిస్తే చక్రం షాఫ్ట్ మీద నడిమిలో కూర్చోలేదు. అంతకు ముందు పెట్టిన వెయిట్లన్నీ వృథా.

85 గ్రాముల సంగతి. కొత్త టైరుకు, మంచి చక్రానికి అంత పట్టకూడదు. గాలి తీసి, బీడ్ (రిమ్ముకు పట్టే టైరు అంచు) విడదీసి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్ళీ ఎక్కించమనండి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలిక వైపు, దాన్ని వాల్వ్ దగ్గరికి తేవాలి. ఎర్ర చుక్క ఉంటే అది టైరు గట్టిగా, ఎత్తుగా ఉండే చోటు. చక్రం మీద పల్లపు గుర్తు ఉంటే ఎర్ర చుక్కను సరిగ్గా ఆ గుర్తు దగ్గరికే తేవాలి. ఇలా తిప్పాక బరువు 30–40కి దిగితే రెండు భారాలూ ఒకేచోట పడ్డాయన్నమాట. దిగకపోతే చక్రం వంగి ఉండొచ్చు.

జడ్చర్ల_డీఎస్‌జీ

బోల్టుల గురించి ఎవరూ అడగలేదు. ఈ బండి కంపెనీ బోల్టు ఎం14×1.5, తల కింద గుండ్రటి గోళం ఆకారం. బయటి అల్లాయ్స్ ఎక్కువ భాగం 60 డిగ్రీల కోన్ సీటుతో వస్తయి. గుండ్రటి బోల్టు కోన్ గుంతల పెడితే సన్నటి అంచు మీదనే ఆనుతది. బిగించినప్పుడు గట్టిగనే అనిపిస్తది, కొన్ని రోజులకు వదులయితది, చక్రం కూడా నడిమికి రాదు. ఇది వణుకుతో ఆగే ముచ్చట కాదు, చక్రం ఊడే ప్రమాదం. ఈ రోజే చూడు.

బోల్టు పొడుగు కూడా చూడాలె. చేత్తో తిప్పితే కనీసం ఏడున్నర చుట్లు లోపలికి పోవాలె. తక్కువ పోతే పొడుగు బోల్టులు కావాలె.

బిగించేటప్పుడు చక్రం గాల్లో ఉండాలె. ఐదూ చేత్తో తిప్పి, నక్షత్రం వరుసల చిన్న పానాతోని కొంచెం కొంచెం లాగాలె. అప్పుడు చక్రం చదునుగా కూసుంటది. జాకీ దించినంక టార్క్ రెంచ్‌తో ముందు 80, తర్వాత 120 న్యూటన్ మీటర్లు. గాలి గన్ను పెట్టి ఒకటే బోల్టును గిర్రున బిగిస్తే చక్రం ఆ పక్కకు వాలి అట్లనే ఇరుక్కుంటది. మరలకు గ్రీజు పూయొద్దు, పూస్తే అదే 120కి బోల్టు అవసరం కన్నా ఎక్కువ సాగుతది. 50–100 కిలోమీటర్లు తిరిగినంక మళ్ళీ 120 చూసుకోవాలె.

హబ్ ముఖం మీద తుప్పు, పాత పెయింట్ పెచ్చులు ఉంటే వైర్ బ్రష్‌తో గీకు. హబ్ అంచున 0.1 మిల్లీమీటరు పెచ్చు ఉన్నా రిమ్ము అంచుకు వచ్చేసరికి 0.3 పక్క ఊపు అయితది.

కోదాడ_హ్యాచ్

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. పోలో జీటీ, 16 అంగుళాలు. దీనికి వణుకు ఒక రోజు ఉంటుంది, ఒక రోజు ఉండదు. బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పిన ప్రతిసారీ వేరే అంకె వస్తోంది. ఏమై ఉంటుంది?

నకిరేకల్_గేజ్

ప్రతిసారీ అంకె మారుతోందంటే లోపల కదిలేది ఏదో ఉంది. పంక్చర్‌కు లిక్విడ్ సీలెంట్ పోయించారా? అది బండి ఆగినప్పుడు టైరు అడుగుకు చేరి మడుగు కడుతుంది. కదిలిన మొదటి కిలోమీటర్లలో ఆ బరువు ఒకేచోట ఉంటుంది, తర్వాత పరుచుకుంటుంది. రోజుకో తీరుగా ఉండడానికి కారణం అదే. టైరు విప్పి, లోపల తడిగుడ్డతో పూర్తిగా తుడిపించి, పంక్చర్ చోట లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించండి. బయటి నుంచి పెట్టే స్ట్రిప్ బరువు చాలా తక్కువ, దానితో బ్యాలెన్స్ చెడదు. సీలెంట్ పోసిన టైరును ఎన్నిసార్లు మిషన్ ఎక్కించినా లాభం లేదు.

సీలెంట్ లేకపోతే రిమ్ము లోపలి గోడ చూడండి. నాట్ల రోజుల్లో కేజ్ వీల్ ట్రాక్టర్లు పొలంలోంచి నేరుగా తారు రోడ్డు ఎక్కుతాయి, రోడ్డంతా బురదే. మన దగ్గర నల్లరేగడి రిమ్ము లోపల పట్టి ఎండితే రాయిలా అవుతుంది. ఒక గుప్పెడు ముద్ద 50 గ్రాములు దాటుతుంది, అంటే మంచి చక్రానికి మామూలుగా పట్టే వెయిట్ల కన్నా ఎక్కువే. పాలమూరు వైపు ఎర్ర చెలక మట్టి కొంత నయం, ఎండితే రాలుతుంది, కానీ సగం రాలి సగం ఉండిపోతే అదే తంటా. ముందు వైపు మాత్రమే నీళ్ళు కొట్టే వాటర్ సర్వీసింగ్ సరిపోదు. పైపు స్పోకుల సందుల్లోంచి వెనక్కి పెట్టి కడిగించాలి.

ఇంకొకటి. ఎండకు బండి వారాల తరబడి ఒకేచోట నిలబడితే పర్ఫార్మెన్స్ టైర్లు అడుగున చదునవుతాయి. ఇరవై కిలోమీటర్లు తిరిగి వేడెక్కితే ఆ వణుకు దానంతట అదే పోతుంది. అంతకు మించి ఉంటే ఆ ఖాతాలో వేయొద్దు.

చిట్యాల_టర్బో

కొలిచి వచ్చిన అన్నా. చక్రం రంధ్రం 73.1, లోపల రింగు లేదు. బోల్టులు కోన్‌వే, ఎనిమిది చుట్లు పోతున్నయి. నాలుగింటికీ 73.1–57.1 అల్యూమినియం రింగులు వేసి, హబ్ గీకి, గాల్లోనే కూసోబెట్టి 120 బిగించినం. వణుకు సగానికి పైన తగ్గింది. ఇంకా 96–100 మధ్య సన్నగా ఉంది.

తర్వాత ముందు ఎడమ చక్రాన్ని వెనక ఎడమకు మార్చి చూసిన. స్టీరింగ్ నిమ్మలమైంది, ఇప్పుడు వెనక సీటు కింద సన్నటి అదురు. ఇది ఆ 85 గ్రాముల చక్రమే. టైరు సగం తిప్పి ఎక్కిస్తే 70కి దిగింది, అంతే. రనౌట్ (తిరిగేటప్పుడు చక్రం ఎంత వంకరగా ఊగుతదో) చూడమంటే డయల్ గేజ్ లేదు, ఎట్ల చూడాలె?

పాలమూరు_టార్క్

దొరికింది తమ్మీ. గేజ్ లేకున్నా నడుస్తది. చదును నేల మీద మిగతా చక్రాలకు అడ్డాలు పెట్టి, ఆ చక్రాన్ని లేపి జాకీ స్టాండ్ మీద కూసోబెట్టు. ఉత్త జాకీ మీద చేతులు పెట్టొద్దు. వెనక చక్రం గనక హ్యాండ్ బ్రేక్ వదలాలె, అందుకే ముందు చక్రాలకు రెండు దిక్కులా అడ్డాలు గట్టిగా పెట్టు. ఒక బరువైన చెక్కకు గట్టి తీగ కట్టి, దాని మొనను రిమ్ము లోపలి అంచుకు తగిలీ తగలనట్టు పెట్టి చక్రాన్ని చేత్తో మెల్లగ తిప్పు. ఎక్కువ సందు వచ్చిన చోట ఫీలర్ గేజ్ రేకులు పెట్టి కొలువు. లోపలి అంచు, బయటి అంచు, టైరు నడుమ గాడి, మూడు చోట్ల చూడాలె. చాలా మంది బయటి అంచు చూసి మంచిగుందని ఇడిచిపెడ్తరు. గుంతల పడ్డప్పుడు వంగేది లోపలి అంచు, దానికి స్పోకుల ఆసరా ఉండదు. 40 సిరీస్ టైరు గోడ ఎత్తు 90 మిల్లీమీటర్లే, పెయింట్ పోయిన స్పీడ్ బ్రేకర్ ఒక్కటి చాలు.

రిమ్ము అంచు ఊపు 0.5 మిల్లీమీటర్ల లోపల ఉంటే మంచిది. 0.8 దాటితే అనుమానించు. టైరు మీద 1.0 దాకా సరే.

చిట్యాల_టర్బో

లోపలి అంచు 1.6, ఒకటే చోట, జానెడు మేర. బయటి అంచు 0.3. టైరు నడుమ 1.4. మిగతా మూడు చక్రాలు అన్ని చోట్లా 0.5 లోపలే. దీన్ని సాపు చేయించొచ్చా, మార్చాల్నా?

జడ్చర్ల_డీఎస్‌జీ

నేనైతే మార్చమనే అంటా. పోత పోసిన అల్లాయ్ ఒకసారి వంగి మళ్ళీ సాపయితే ఆ చోట లోహం అలిసిపోతది. ఈ బండి పోయే వేగానికి ఆ రిస్కు అక్కర్లేదు. ఒక్క చక్రం దొరికితే తీసుకో.

నకిరేకల్_గేజ్

జాగ్రత్త విషయంలో మీతో ఏకీభవిస్తాను, కానీ ప్రతి వంపుకూ చక్రం పారేయాల్సిన పని లేదు. వంపు ఎక్కడుంది, పగులు ఉందా అన్న రెండింటి మీద ఆధారపడుతుంది. లోపలి అంచున, ఒకే చోట, 2 మిల్లీమీటర్ల లోపు వంపు, పగులు లేదు అంటే హైడ్రాలిక్ ప్రెస్సు మీద నిదానంగా నొక్కి సాపు చేయొచ్చు. స్పోకు మొదట్లో గానీ, బోల్టుల చుట్టూ గానీ వంపు ఉంటే అసలు ముట్టొద్దు.

ముందు టైరు విప్పి, వంపు చుట్టూ పెయింట్ తీయించి, డై పెనిట్రెంట్ స్ప్రే కొట్టి చూడమనండి. ఎర్ర రంగు కొట్టి, కాసేపు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్నచోట ఎర్రగీత తేలుతుంది. గీత తేలితే ఆ చక్రం అయిపోయినట్టే. దాన్ని వెల్డింగ్ చేసి ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. గ్యాస్ మంట పెట్టి కాల్చి, సుత్తితో కొట్టే చోటికి అసలు పోవద్దు. అల్లాయ్‌కు బలం ఇచ్చింది ఫ్యాక్టరీలో చేసిన వేడి ట్రీట్‌మెంట్. ఆ మంటకు అది పోతుంది, పైకి మాత్రం చక్రం కొత్తదిలాగే కనబడుతుంది.

దీన్ని వెయిట్లతో ఎందుకు సరిచేయలేమో కూడా తెలుసుకోవాలి. 1.6 ఎత్తు తేడా ఉన్న చక్రం గాల్లో తిరిగినప్పుడు బరువు సమానంగా ఉన్నా, రోడ్డు మీద ఆనినప్పుడు ప్రతి చుట్టుకూ ఒకసారి బండిని లేపుతుంది. మామూలు మిషన్ చక్రాన్ని గాల్లోనే తిప్పుతుంది కాబట్టి ఆ దెబ్బ దానికి తెలియదు. రోలర్‌తో టైరును నొక్కి తిప్పే రోడ్ ఫోర్స్ మిషన్‌కు తెలుస్తుంది. అది ఉన్న షాపు కావాలంటే హైదరాబాద్ పోయే ముందు ఫోన్‌లో, రోలర్ లోడ్ పరీక్ష చేస్తారా అని సూటిగా అడగండి. "కంప్యూటర్ బ్యాలెన్సింగ్ ఉంది" అన్న జవాబు దీనికి సరిపోదు.

సాపు అయ్యాక లోపలి అంచు 0.5 లోపలికి రావాలి. టైరు ఎక్కించి, సబ్బు నీళ్ళు బీడ్ చుట్టూ పోసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అన్నీ సరిగా ఉంటే ఆ 70 గ్రాములు 30 దరిదాపులకు దిగాలి. దిగకపోతే జడ్చర్ల గారి మాటే వినండి, చక్రం మార్చేయండి. సాపు చేసిన చక్రాన్ని వెనక వైపు వాడుకోండి, వారానికోసారి గాలి చూసుకోండి. ఒక్క చక్రంలో మాత్రమే 2–3 పీఎస్‌ఐ తగ్గుతుంటే అక్కడ సన్నటి పగులు మొదలై ఉండొచ్చు.

పాలమూరు_టార్క్

గాలి చూసేది పొద్దున చల్లగున్నప్పుడే. ఎండకాలం మధ్యాహ్నం హైవే మీద ఆగి చూస్తే 4–5 పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తది, అది చూసి గాలి తీయొద్దు. పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ మీద ఉన్న అంకె చల్లటి టైరుకు రాసింది.

ఇంకొకటి మర్చిపోకు. నీ స్టెప్నీ కంపెనీదే కదా, దానికి గుండ్రటి బోల్టులే సరిపోతయి, కోన్ బోల్టులు కావు. పాత బోల్టులు ఐదు డిక్కీల స్టెప్నీ పక్కనే ఒక సంచిల కట్టి పెట్టు. స్టెప్నీ వేసేటప్పుడు హబ్ మీద రింగు అతుక్కొని ఉంటే అది గుంజి తీసినంకనే చక్రం కూసుంటది. రింగు బయటి అంచుకు యాంటీసీజ్ పలుచగ రాసిపెడితే రాత్రిపూట రోడ్డు పక్కన దానితోని కొట్లాడే పని ఉండదు.